అంగడి ఊళ్లో, ఫ్యాక్టరీ గట్టునేలలో... నడుమ బస్సేదీ?

కర్నూలు నంద్యాల చెక్‌పోస్టు దాటి జాతీయ రహదారి పట్టుకుంటే ఇరవై కిలోమీటర్లు అటూ ఇటుగా ఓర్వకల్లు. ఈ కొద్దిపాటి దారిలోనే కర్నూలు రేపటి రూపం తేలిపోతోంది. ఆ కొసన 2021 మార్చిలో మొదలైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం, దాని చుట్టుపక్కల వేల ఎకరాల పారిశ్రామిక భూమి. ఈ కొసన నాలుగు లక్షలు దాటిన జనంతో నగరం. నడుమ రోడ్డుకు రెండు వైపులా తెల్లరంగు పూసిన హద్దురాళ్లు, వెంచర్ల ఆర్చీలు, కంకర పరిచిన దారులు. ఇళ్లు మాత్రం పెద్దగా లేవు. నిన్నటిదాకా కంది, వేరుశనగ వేసిన చేలల్లో ఇవాళ ప్లాట్ల నంబర్లు మొలిచాయి.

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న దేశవ్యాప్తంగా 12 పారిశ్రామిక నోడ్లకు పచ్చజెండా ఊపింది. వాటిలో రెండు మన రాయలసీమకే వచ్చాయి. హైదరాబాద్-బెంగళూరు కారిడార్‌లో ఓర్వకల్లు: 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయల ఖర్చు, 12,000 కోట్ల పెట్టుబడులు, 45 వేల ఉద్యోగాలు రావచ్చని అంచనా. విశాఖపట్నం-చెన్నై కారిడార్‌లో కడప పక్కన కొప్పర్తి: 2,596 ఎకరాలు, 2,137 కోట్ల ఖర్చు, 8,860 కోట్ల పెట్టుబడులు, 54,500 ఉద్యోగాలని లెక్క. 2025 అక్టోబర్ 16న ప్రధాని కర్నూలు సభ నుంచి ఈ రెండింటికీ శంకుస్థాపన చేశారు.

ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్నది రోజూ వింటున్నాం. ఏది ఎక్కడ పెడుతున్నారు, అక్కడికి ఎవరు పోగలరు, ఎవరి నీళ్లు అటు మళ్లుతాయి, ఎవరి బేరం పడిపోతుంది అన్న మాటలు మాత్రం సభల్లోనూ వినపడవు, పత్రికల్లోనూ పెద్దగా కనపడవు. కర్నూలు, కడప లాంటి మధ్యస్థ నగరాలకు ఇదే అసలు ప్రశ్న. హైదరాబాద్ అయితే ఒక తప్పు చేసినా దాన్ని మింగేసి ఇంకో వైపు పెరుగుతుంది. ఈ ఊళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఒక మార్కెట్‌ను తప్పుచోట పెడితే ఒక తరం దాన్ని మోస్తుంది.

నది ఎప్పుడో గీత గీసింది

కర్నూలులో ఏ కట్టడం ఎక్కడ ఉండకూడదో తేల్చడానికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. 2009 అక్టోబర్ 2 చాలు. తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉన్న ఊరు ఇది. ఆ రోజు రెండూ పొంగాయి. కింద శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడుతుంటే ఎగువన నీళ్లు పోయే దారి లేక నగరంలోకే మళ్లాయి. పాతబస్తీలో జనం డాబాల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు తీశాక చూస్తే బజార్లలో బట్టల తానులు, బియ్యం మూటలు, మందుల అట్టపెట్టెలు అన్నీ ఒకే రంగు బురద. ఇంటికి నష్టపరిహారమంటూ ఎంతో కొంత వచ్చింది. దుకాణంలో ఉన్న సరుకు, అది తెచ్చిన అప్పు, ఖాతా పుస్తకంలో రావాల్సిన బాకీలు... వీటికి లెక్క కట్టిన నాథుడు లేడు. చిన్న వ్యాపారుల్లో ఎంతోమంది ఆ దెబ్బకు మళ్లీ లేవలేకపోయారు.

ఆ వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఊళ్లో పెద్దవాళ్లందరికీ గుర్తే. ఆ గీతను నగర ప్లానులో ఎర్రగీతగా వేసి, దాని లోపల కొత్త కాంప్లెక్సులకు, సెల్లార్లకు, గోదాములకు అనుమతి లేదని తేల్చి చెప్పడానికి అడ్డమేమీ లేదు. హంద్రీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి, ముళ్లకంపతో, మురుగుతో కనిపిస్తుంది కాబట్టి అది ఖాళీ స్థలమన్న భ్రమ కలుగుతుంది. కరువు సీమలో వాగులు, వంకలు చేసే మోసమే ఇది. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లు మించని వాన, అది కూడా కొన్ని రోజుల్లోనే కురిసిపోతుంది. కృష్ణా డెల్టాలో నది ఎక్కడుందో కళ్లకు కనపడుతూనే ఉంటుంది. ఇక్కడ దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

కడపది కూడా ఇదే కథ. పాలకొండల నుంచి దిగి ఊరి నడుమ నుంచి పెన్నా వైపు పోయే బుగ్గవంక 2001లో నగరాన్ని ముంచింది. తర్వాత రెండు వైపులా రక్షణ గోడలు కట్టడం మొదలుపెట్టారు. 2020 నవంబర్‌లో నివర్ తుపానుకు వంక మళ్లీ కాలనీల్లోకి వచ్చింది. గోడ ఉందంటే దాని పక్కనే దుకాణాలు కట్టొచ్చని అర్థం కాదు. అసలు వంకను అంత ఇరుకు చేసింది ఎవరన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న.

నదితో పాటు కాలువ కూడా ఒక గీత గీసింది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువను అప్పట్లో సాగుకే కాక పడవల రవాణాకు కూడా ఉద్దేశించారు. కంపెనీ నష్టాల్లో మునిగి, 1882లో ప్రభుత్వమే దాన్ని తీసుకుంది. నూటయాభై ఏళ్లు గడిచినా కేసీ కాలువ కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఇంత మెట్ట సీమలో వరి పండే నేల అది. జాతీయ రహదారికి, కాలువకు నడుమ ఉన్న తరి పొలమే రియల్టర్ కళ్లకు మొదట ఆనుతుంది, ఎందుకంటే అది చదునుగా ఉంటుంది, బోరు వేస్తే నీళ్లు పడతాయి. 2013 భూసేకరణ చట్టం రెండు మూడు పంటలు పండే నీటిపారుదల భూమిని చివరి అవకాశంగానే తీసుకోవాలంది. కానీ ఆ నిబంధన ప్రభుత్వం సేకరించే భూమికే. ప్రైవేటుగా కొని ప్లాట్లు చేసేవాళ్లను ఆపే శక్తి ఒక్క మాస్టర్ ప్లానుకే ఉంది. అందుకే దాన్ని తయారుచేసే వేళ నోరు విప్పకుండా ఊరుకోకూడదు.

అంగడికి కాళ్లు కావాలి

1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు ఆ రోజుల్లో పుట్టినవే. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది. క్యాంపులు మాత్రం కాలనీలై మిగిలాయి, ఉద్యోగుల ఇళ్లతో నిండాయి, సీ క్యాంపు రైతుబజారు ఇవాళ సగం ఊరికి కూరగాయలు పెడుతోంది. మూడేళ్ల రాజధాని వదిలిపెట్టి పోయినవాటిలో జనానికి ఎక్కువగా పనికొచ్చింది ఏదంటే నేను ఈ కాలనీలనే చూపిస్తాను. జనం నివాసమున్నచోట మార్కెట్ ఉంది, నడిచిపోయేంత దూరంలో ఉంది కాబట్టి అది బతికింది.

ఇప్పుడు వచ్చే బట్టల మాల్స్, పెద్ద సూపర్ మార్కెట్లు, ఫర్నిచర్ షోరూములు దీనికి ఎదురు దారి పట్టాయి. వాటికి కావాల్సింది పార్కింగ్. పార్కింగ్ ఉన్నది ఊరి బయట రోడ్ల మీద. కారు ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. కోడుమూరు నుంచో, నందికొట్కూరు నుంచో పెళ్లి బట్టలకు బస్సెక్కి వచ్చే కుటుంబానికి అలా ఉండదు. వాళ్లు బస్టాండులో దిగి, బట్టలు చూసి, వెండి మట్టెలు కొని, స్టీలు సామాను బేరమాడి, టిఫిన్ చేసి, చీకటి పడకముందే మళ్లీ బస్సెక్కాలి. ఇవన్నీ పక్కపక్కనే ఉంటేనే అది జరుగుతుంది. ఒకటి బళ్లారి రోడ్డులో, ఒకటి నంద్యాల రోడ్డులో, ఒకటి హైవే మీద ఉంటే ఆటోవాడికి ఇచ్చిన డబ్బులే ఒక చీర ఖరీదు అవుతాయి.

కడప జిల్లా జనానికి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు, బట్టల దుకాణాలకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ వీధులు ఇరుకే. కారు నిలపడానికి చోటుండదు. అయినా ఆ బజారు తగ్గలేదు, ఎందుకంటే ఒక అంగట్లో నచ్చకపోతే పది అడుగులు వేస్తే ఇంకొకటి. కంసాలి, రాళ్లు పొదిగేవాడు, తాకట్టు పెట్టుకునేవాడు, టైలరు, మ్యాచింగ్ బ్లౌజు పీసులవాడు అందరూ ఒకరి బేరం మీద ఒకరు బతుకుతున్నారు. కడపలో ఏడురోడ్ల కూడలి, వై.వి.స్ట్రీట్ చుట్టూ ఉన్నదీ ఇదే వ్యవస్థ. దీన్ని విడదీసి, అద్దాల భవనంలో పెట్టి, ఊరికి ఐదు కిలోమీటర్ల అవతల నిలబెడితే పెద్ద షోరూము బతుకుతుంది, రాళ్లు పొదిగేవాడు బతకడు.

బయటి దేశాల్లో ఇది జరిగి, లెక్కలు తేలి, చట్టాలు కూడా మారాయి. ఇంగ్లండ్‌లో డడ్లీ అని ఒక పాత పారిశ్రామిక పట్టణం. దాని దగ్గర రౌండ్ ఓక్ ఉక్కు ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. పరిశ్రమలు రావాలని అక్కడ పన్ను రాయితీలతో ప్రత్యేక జోన్ పెడితే, పరిశ్రమకు బదులు మెర్రీ హిల్ అనే మహా మాల్ వచ్చింది. కొన్నేళ్లలోనే డడ్లీ నడిబొడ్డున ఉన్న పెద్ద దుకాణాలు అందులోకి మారిపోయాయి, ఊరి బజారు వెలవెలబోయింది. అలాంటి అనుభవాలు చూశాకే 1996లో బ్రిటన్ ప్రభుత్వం కొత్త నియమం పెట్టింది: కొత్త దుకాణ సముదాయం కట్టాలంటే ముందు ఊరి నడుమ చోటు వెతకాలి, లేకపోతే ఊరి అంచున, అదీ లేకపోతేనే బయట. మనం ఆ నియమాన్ని మక్కికి మక్కి తెచ్చుకోనక్కర్లేదు. మన బజారు ఇంకా చచ్చిపోలేదు కాబట్టి మనకు అంతకన్నా సులువైన పనే మిగిలింది: ఉన్నదాన్ని చంపకుండా ఉండటం.

ఊరి నడుమ చోటు లేదంటారు. ఉంది. పాత ప్రభుత్వ క్వార్టర్లు, శిథిలమైన ఆఫీసులు, బస్టాండుల పై అంతస్తులు, మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్సుల్లో తాళాలు పడ్డ గదులు రెండు నగరాల్లోనూ కనిపిస్తాయి. కింద అంగళ్లు, పైన ఇళ్లు ఉండే కట్టడాలకు ఊరి నడుమ సులువుగా అనుమతి ఇస్తే రాత్రి తొమ్మిదికే చీకటిపడే వీధుల్లో కూడా మళ్లీ జనం మసలుతారు. తోపుడు బండ్లవాళ్లను తరిమేసి ఊరిని బాగుచేశామనుకోవడం మానాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రతి పట్టణంలోనూ వెండింగ్ కమిటీ వేయాలని, వార్డు జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలని చెబుతోంది. కొత్త కాంప్లెక్సుకు అనుమతి ఇచ్చేటప్పుడే దాని ముందు ఆ బండ్లకు నీడ, నీళ్లు, దీపం ఉండాలని షరతు పెట్టొచ్చు. ఎంత పెద్ద షోరూమైనా దాని ముందు మల్లెపూలమ్మే అమ్మ లేకపోతే అది మన బజారు కాదు.

ఊళ్లో ఉండకూడనిది ఒకటుంది: లారీ. కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లికి రాష్ట్రంలోనే పెద్ద దిక్కు. ఉల్లి ముమ్మరంగా వచ్చే రోజుల్లో యార్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ట్రాక్టర్ల వరస గేటు దాటి రోడ్డు మీదికి పాకుతుంది. వాన పడితే కుప్పలు తడుస్తాయి, పై పొర నల్లబడుతుంది, రైతు కూర్చుని చేత్తో పొట్టు తీసి మంచిదీ చెడ్డదీ వేరు చేసుకుంటాడు. పక్కన హమాలీలు గోతాలు కుడుతుంటారు. వేలంపాట అయ్యేసరికి రెండు రాత్రులు అక్కడే గడుస్తాయి. 2025లో ధర పడిపోయి ప్రభుత్వం క్వింటాలుకు 1,200 రూపాయలకు కొంటామని చెప్పాల్సి వచ్చింది. టోకు వ్యాపారం, గోదాములు, శీతల గిడ్డంగులు, లారీ ఆఫీసులు, మెకానిక్ షెడ్లు... వీటికి కావాల్సింది హైవే, విశాలమైన నేల, ఆరబెట్టుకునే షెడ్లు. ఇవన్నీ ఊరి అంచుకు పోవాలి. చిల్లర అంగళ్లు ఊళ్లో నిలవాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. లారీ నడివీధిలో ఉంది, చీరల కొట్టు హైవే మీదికి పోతోంది.

ఎకరానికి ఎంతమందికి అన్నం?

ఫ్యాక్టరీల సంగతికి వస్తే, ఓర్వకల్లు, కొప్పర్తి ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం. మొరం, రాతి నేలలు. నగరానికి మరీ దగ్గర కాదు, మరీ దూరమూ కాదు. ఓర్వకల్లుకు రహదారి, విమానాశ్రయం ఉన్నాయి, పక్కన సౌర విద్యుత్తు ఉంది. అయితే ఎంపిక సరైనదైతే సరిపోదు, ఆ నేలను ఎలా వాడతారన్నది చూడాలి.

దానికి నా దృష్టిలో ఒకే ఒక కొలత: ఎకరానికి ఎన్ని ఉద్యోగాలు. ప్రభుత్వ అంచనాల ప్రకారమే ఓర్వకల్లులో ఎకరానికి 17 మందికి పని దొరకాలి, కొప్పర్తిలో 21 మందికి. దీన్ని పక్కనే ఉన్న అల్ట్రా మెగా సోలార్ పార్కుతో పోల్చండి. గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన ఆ పార్కు 1,000 మెగావాట్లది, దాదాపు 5,900 ఎకరాలు తీసుకుంది. కరెంటు దేశానికి అవసరం, కాదనను. కానీ పలకలు తుడవడానికి, కాపలాకు తప్ప అంత నేల మీద ఊరివాళ్లకు దొరికిన పని ఎంత? నోడ్ లోపల ప్లాట్లు ఇచ్చేటప్పుడు ఈ కొలతతోనే ఇవ్వాలి. వందల ఎకరాలు తీసుకుని ప్రహరీ కట్టి ఊరుకునేవాళ్లకు గడువు పెట్టి, కట్టకపోతే వెనక్కి తీసుకోవాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007 జూన్‌లో మొదటి శంకుస్థాపన జరిగింది. బ్రహ్మణి స్టీల్స్‌కు అప్పుడు కేటాయించిన భూమి పదివేల ఎకరాల పైచిలుకు. అది ఆగిపోయింది. 2018 డిసెంబర్‌లో మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర ఇంకో శంకుస్థాపన. 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్లపల్లె దగ్గర మరొకటి. 2023 ఫిబ్రవరిలో అదే చోట నాలుగోది, ఈసారి జేఎస్‌డబ్ల్యూతో. మొదటి రాయి వేసిన రోజు ఉద్యోగం వస్తుందని ఐటీఐలో చేరిన కుర్రాడికి ఇప్పుడు బడికి పోయే పిల్లలుంటారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఫ్యాక్టరీ చోటు మారింది, కంపెనీ మారింది. నేల మాత్రం అందులో మేపుకునేవాళ్ల చేతి నుంచి జారిపోయింది.

బీడు భూమి అంటే ఎవరికీ అక్కర్లేని భూమి అని అధికారుల కాగితాల్లో ఉంటుంది. సీమలో గొర్రెల మందలు బతికేది ఆ బీడు మీదే. వానాకాలంలో ఆ మిట్టల మీద పడ్డ నీళ్లే చిన్న వంకలై కింద చెరువులకు చేరతాయి. ఓర్వకల్లు రాతివనాల దగ్గరికి పోయి చూడండి, ఆ రాళ్ల మధ్య నీటి మడుగులు ఎలా నిలబడతాయో. నోడ్ ప్లానులో ప్రతి వంకకు, ప్రతి కుంటకు సర్వే నంబరుతో సహా చోటు మిగల్చాలి. గొర్రెల కాపరులకు మేత పోరంబోకు వేరే చూపించాలి. ఇవి దయతో చేసే పనులు కావు, ప్లాను చేసేవాళ్ల కనీస బాధ్యత.

అలా చేయకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలియనిది కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1970లలో పారిశ్రామికవాడ పెట్టారు. నక్కవాగు ఎటు పారుతుందో, దాని కింద ఎన్ని ఊళ్ల బావులున్నాయో అప్పుడు చూడలేదు. మందుల, రసాయనాల ఫ్యాక్టరీల నీళ్లు వాగులో కలిశాయి. పంటలు పోయాయి, బావులు పాడయ్యాయి, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ వాన మనకన్నా ఎక్కువే. ఇక్కడ ఒక వంక చెడితే దాన్ని కడిగే ఇంకో వరద ఎప్పుడొస్తుందో చెప్పలేం. రసాయన పరిశ్రమ ఏదైనా వస్తే, వాడిన నీళ్లను శుద్ధిచేసి మళ్లీ తనే వాడుకోవాలన్న షరతుకు ఒప్పుకున్నాకే భూమి చేతికివ్వాలి.

ఇక తెచ్చే నీళ్లు. ఓర్వకల్లుకు ముచ్చుమర్రి దగ్గర శ్రీశైలం వెనక జలాల నుంచి పైపులైను తేవడం ప్రభుత్వ పథకం. ఆ పైపు సాగే దారిలో వేసవి వస్తే బిందెలతో ఎదురుచూసే ఊళ్లున్నాయి. కర్నూలు నగరమే సుంకేసుల నుంచి వచ్చే నీళ్లతో, గాజులదిన్నె మీద ఆశతో ఏప్రిల్, మే నెలలు నెట్టుకొస్తోంది. ఫ్యాక్టరీకి వేసే పైపుకు దారిలో ఊరూరా ఒక కొళాయి ఉండాలని అడగడం అత్యాశ కాదు. నగరం మురుగునీటిని శుద్ధిచేసి పరిశ్రమకు అమ్మితే, కేసీ కాలువలో కలుస్తున్న మురుగూ తగ్గుతుంది, నది మీద భారమూ తగ్గుతుంది. ఇరవై కిలోమీటర్ల పైపు ఖర్చు, ఎక్కడో వెనక జలాల నుంచి తోడే కరెంటు బిల్లుతో పోలిస్తే ఏది మేలో ఇంజనీర్లు లెక్కకట్టి జనం ముందు పెట్టాలి.

సుగ్గికి పోయే బస్సు ఉంది, పనికి పోయే బస్సు లేదు

ఓర్వకల్లు కర్నూలుకు ఆగ్నేయాన ఉంది. వలసలున్నది పడమటి మండలాల్లో. కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ వైపు ఊళ్లలో ఖరీఫ్ పంట చేతికి రాకపోతే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి బయల్దేరతాయి. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి తీతకు. వంట గిన్నెలు, చాపలు, బియ్యం మూట, పిల్లలు, ముసలమ్మ అందరూ ఒకే వాహనంలో. బడిలో హాజరు పట్టీ సగమవుతుంది. ఇళ్లకు తాళాలు, గుమ్మాల ముందు కుక్కలు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి, ఊరి నడిబొడ్డు నుంచి బండి పెట్టి తీసుకుపోతాడు. వందల కిలోమీటర్ల అవతల మిరప చేనుకు ఇంటి ముందు నుంచి రవాణా దొరుకుతోంది. సొంత జిల్లాలో వచ్చే ఫ్యాక్టరీకి దొరకదు.

అందుకే అన్నీ ఓర్వకల్లులోనే కుప్పపోయడం నాకు నచ్చదు. పత్తి ఆదోనిలో ఉంది, జిన్నింగు మిల్లులు అక్కడే ఉన్నాయి. నూలు, దుస్తుల పని ఆ వైపే పెరగాలి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టి చూపించారు. పని మనుషుల దగ్గరికి రావడమంటే అది. పత్తికొండ టమాటాకు ప్రాసెసింగ్ యూనిట్ అన్న మాట ఎన్ని ఎన్నికల నుంచి వింటున్నామో అక్కడి రైతులకు తెలుసు. రోడ్డు మీద పారబోసిన టమాటాల ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఉల్లిని ఎండబెట్టి పొడిచేసే యూనిట్ కోడుమూరు వైపు పెడితే నాలుగు ఎకరాలు చాలు. చిప్ ఫ్యాక్టరీకి ఓర్వకల్లు, టమాటాకు పత్తికొండ, పత్తికి ఆదోని. అసలైన పారిశ్రామిక ప్రణాళిక అంటే జిల్లా పటం మొత్తం మీద వేసేది, ఒక్క నోడ్ గీతల మధ్య వేసేది కాదు.

ఓర్వకల్లుకు ఇంకో చరిత్ర ఉంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఆ మండలంలో మహిళలు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. అది మండల స్థాయి పొదుపులక్ష్మి ఐక్యసంఘమై, సొంత బడి నడిపే దాకా వచ్చింది. దేశం నలుమూలల నుంచి దాన్ని చూసి నేర్చుకోవడానికి వచ్చారు. ఈ ఆడవాళ్లకు లెక్కలు రాయడం వచ్చు, సమావేశం నడపడం వచ్చు, అప్పు తీర్చడం వచ్చు. వాళ్ల ఊళ్ల పక్కనే వచ్చే ఫ్యాక్టరీల్లో వాళ్లకు ఊడ్చే పని ఒక్కటే మిగిలితే అది పెద్ద అన్యాయం. క్యాంటీన్లు, యూనిఫారాల కుట్టుపని, ప్యాకింగు, పిల్లల సంరక్షణ కేంద్రాలు ఐక్యసంఘానికి కాంట్రాక్టుగా ఇవ్వొచ్చు. వాళ్ల కూతుళ్లకు పాలిటెక్నిక్ శిక్షణ అక్కడే పెట్టొచ్చు.

కొప్పర్తిలో దీనికి ఒక సూచన కనిపిస్తుంది. 2021 డిసెంబర్‌లో ప్రారంభమైన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో సీసీ కెమెరాలు బిగించే పని వచ్చింది. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ అంటే దేశమంతటా ఎక్కువగా ఆడపిల్లలు చేసే పని. కడప నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. నైట్ షిఫ్టు అయితే ఇంట్లో మొదటి ప్రశ్న జీతం గురించి రాదు, ఎట్లా వస్తావని అడుగుతారు. రాత్రి పదిన్నరకు, తెల్లవారుజామున ఐదున్నరకు ఆర్టీసీ బస్సు ఉంటే ఆ ఉద్యోగం ఉన్నట్టు. లేకపోతే కాగితం మీద ఉన్నట్టు. ఇంత చిన్న విషయం మీద 54,500 అన్న అంకె నిలబడి ఉంది.

చిన్న పరిశ్రమల సంగతి ఇంకోటి. కుట్టుమిషన్ల షెడ్డు, ప్రింటింగు, పిండివంటల ప్యాకింగు, మొబైల్ రిపేరు విడిభాగాలు... పొగ లేని, చప్పుడు లేని పనులను ఫ్యాక్టరీ అన్న పేరు పెట్టి ఊరవతలికి తరమకూడదు. కడప అల్మాస్‌పేటలోనో, కర్నూలు పాతబస్తీలోనో ఇంటికి నాలుగు వీధుల అవతల పని దొరికితే చేసే ఆడవాళ్లు వేలమంది ఉన్నారు, అదే పని పన్నెండు కిలోమీటర్ల అవతల ఉంటే వాళ్లలో సగం మంది కూడా పోలేరు. వార్డుకు ఒక రెండంతస్తుల వర్క్‌షెడ్ మున్సిపాలిటీయే కట్టి అద్దెకివ్వాలి. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది. పెద్ద శంకుస్థాపన సభ మాత్రం దీనికి ఉండదు.

ఓర్వకల్లు పక్కనుంచి రైలు లేదు. రోడ్డు ఒక్కటే దిక్కైనప్పుడు దాని మీద నడిచే బస్సులకు ప్లానులో చోటుండాలి. మొదటి ఫ్యాక్టరీ గేటు తెరిచే రోజుకే కర్నూలు నుంచి, నంద్యాల నుంచి, పడమటి మండలాల నుంచి షిఫ్టు వేళలకు సరిపడే బస్సులు ఖరారు కావాలి. కార్మికులకు అద్దె ఇళ్లు నోడ్‌లో మొదటి దశలోనే కట్టాలి. లేకపోతే ఆ వెంచర్ల ఆర్చీల వెనక ప్లాట్లు పెట్టుబడిగా పడి ఉంటాయి, కార్మికులు షెడ్లలో పడుకుంటారు.

పట్టణాభివృద్ధి సంస్థలు మాస్టర్ ప్లాను ముసాయిదా వెలువరించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తాయి. ఆ గడువులో ఆఫీసుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమ ప్లాటు మీదుగా రోడ్డు పోతుందేమో చూసుకునేవాళ్లే. వ్యాపార సంఘాలు, హమాలీలు, పొదుపు సంఘాలు, కాలేజీ పిల్లలు కూడా రావాలి. మీ సర్వే నంబరుతో పాటు మూడు గీతలు చూడండి: 2009 నాటి నీటి గీత, కాలువ కింది ఆయకట్టు గీత, బస్సు తిరిగే దారి గీత. అవి పటంలో లేకపోతే గడువు ముగియకముందే రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి.